డిపార్ట్‌మెంట్‌లో సస్టైనబుల్ డెవలప్‌మెంట్ ప్రోగ్రామ్ పెడుతున్నారా? బయటి జనం రావాలంటే ఇలా చెయ్యండి

మామూలుగా ఏమవుతుందంటే, హాల్లో సగం మంది అటెండెన్స్ కోసం కూర్చోబెట్టిన పీజీ పిల్లలు, ముందు వరసలో మన సార్లూ మేడమ్‌లే, స్క్రీన్ మీద 17 రంగుల డబ్బాల స్లైడు, 2015లో ఐక్యరాజ్యసమితి పెట్టుకున్న ఆ 17 సుస్థిరాభివృద్ధి (సస్టైనబుల్ డెవలప్‌మెంట్) లక్ష్యాలు 2030 కల్లా అందుకోవాలి అంటూ ఒక గంట. బయటివాళ్ళు ఒక్కరూ రారు, ఎందుకొస్తారు చెప్పండి. నేను హైదరాబాద్ లెక్కన రాస్తున్నా, మిగతావాళ్ళు మీ ఊరి చెరువుకో కాలవకో మార్చుకోండి.

ముందు టాపిక్. సగం పని ఇక్కడే అయిపోతుంది. నీళ్ళ మీద పెట్టాలనుకుంటే పోస్టర్‌లో "ఆరవ లక్ష్యం: పరిశుభ్రమైన నీరు, పారిశుధ్యం" అని వెయ్యకండి, "మీ నల్లా నీళ్ళు ఎక్కడివి?" అని వెయ్యండి. దీనికి సరుకు బోలెడుంది. 1908లో మూసీ వరద, తర్వాత మోక్షగుండం విశ్వేశ్వరయ్య గారి సలహాతో 1920లో ఉస్మాన్‌సాగర్, 1927లో హిమాయత్‌సాగర్ జలాశయాలు, ఆ తర్వాత మంజీరా నది నీళ్ళు, అదీ చాలక ఇప్పుడు నాగార్జునసాగర్ నుంచి కృష్ణా, ఎల్లంపల్లి నుంచి గోదావరి, అంటే వంద కిలోమీటర్ల పైనుంచి పంపులు పెట్టి తోడుకుంటున్నాం, ఆ కరెంటు సంగతి ఎత్తేసరికి సస్టైనబిలిటీ అంటే ఏంటో ఎవరూ విడమర్చి చెప్పక్కర్లేదు.

స్పీకర్లు ఇద్దరు చాలు. ఒక ప్రొఫెసర్, ఇంకొకరు జలమండలి (నగరానికి నల్లా నీళ్ళిచ్చే సంస్థ) ఇంజినీరో, వీలైతే రోజూ వాల్వ్ తిప్పే లైన్‌మనో. హెచ్ఓడీ (డిపార్ట్‌మెంట్ హెడ్) లెటర్‌హెడ్ మీద వాళ్ళ ఆఫీసుకి ముందే ఉత్తరం పెట్టండి, ఫోన్‌లో అడిగితే పని జరగదు. ప్రశ్నలన్నీ లైన్‌మన్‌కే వస్తాయి, ప్రొఫెసర్ గారు కాస్త చిన్నబుచ్చుకున్నా పర్లేదు. మాట్లాడేది తెలుగులో, పక్కన ఉర్దూలో చెప్పేవాళ్ళు ఒకరుంటే ఇంకా మంచిది.

డేట్ విషయం, మార్చి 22, జూన్ 5 వద్దు. నీటి దినం, పర్యావరణ దినం అని ఆ రోజుల్లో ప్రతి కాలేజీలో ఏదో ఒకటుంటుంది, స్పీకర్లు దొరకరు. ఆ తర్వాత వచ్చే శనివారం సాయంత్రం అయిదింటికి పెట్టండి.

గేటు మర్చిపోకండి ప్లీజ్. రిటైరైన అంకుల్ ఒకాయన పోస్టర్ చూసి వస్తే సెక్యూరిటీ ఐడీ కార్డ్ అడుగుతాడు, ఆయన అట్నుంచి అటే ఇంటికెళ్ళిపోతాడు. సెక్యూరిటీకి ముందురోజే లెటర్ ఇచ్చి, గేటు దగ్గర ఇద్దరు స్టూడెంట్స్‌ని నిలబెట్టి, హాల్ దాకా బాణం గుర్తులు అంటించండి.

ఫ్లెక్సీ కూడా చూసుకోండి, 100 మైక్రాన్ల కన్నా పల్చటి పీవీసీ బ్యానర్లు 2022 జూలై 1 నుంచి బ్యాన్, ప్లాస్టిక్ గ్లాసులూ డెకరేషన్ థర్మాకోలూ కూడా అందులోనే ఉన్నాయి. గుడ్డ బ్యానర్, స్టీల్ గ్లాసులు, నీళ్ళ క్యాన్, అంతే. జ్యోతి ప్రజ్వలన, శాలువాలు, అయిదుగురి స్వాగతోపన్యాసాలు ఎంత తగ్గిస్తే అంత టైమ్ ప్రశ్నలకి మిగులుతుంది. మైక్ పట్టుకోడానికి మొహమాటపడేవాళ్ళకి చీటీలివ్వండి.

ఓపికుంటే మర్నాడు పొద్దున్నే అఫ్జల్‌గంజ్‌లో ఉస్మానియా ఆసుపత్రి చింతచెట్టు దగ్గర కలుద్దామని అనౌన్స్ చెయ్యండి, 1908 వరదలో 150 మంది దాకా దాన్నెక్కి బతికారని చెప్తారు, అక్కణ్ణుంచి మూసీ చూపిస్తే స్లైడ్లతో పన్లేదు.

స్పీకర్ టీఏ (ప్రయాణ ఖర్చుల) బిల్లు మీద సంతకం మాత్రం ఆ రోజే పెట్టించుకోండి, తర్వాత వాళ్ళ వెనకాల తిరగలేం.