అన్‌లిమిటెడ్ ప్యాక్ ఉన్నా బ్యాలెన్స్ కట్ అవుతోందా? నంబరు మొదట్లో అంకెలు చూడండి

ప్యాక్ అన్‌లిమిటెడే, అయినా మెయిన్ బ్యాలెన్స్ తరిగిపోతోందంటే కాల్ లిస్ట్ తీసి, ఎంతసేపు మాట్లాడారో కాదు, నంబరు ఏ అంకెలతో మొదలైందో చూడండి. 6, 7, 8, 9తో మొదలయ్యే పది అంకెల మామూలు మొబైల్ నంబరైతే ఏ రాష్ట్రానిదైనా, ఏ కంపెనీదైనా దాన్ని అనుమానించక్కర్లేదు. వేరే నెట్‌వర్క్‌కి చేస్తే ఎక్కువ పడుతుందా అని ఇప్పటికీ అడిగేవాళ్లున్నారు. 2019లో జియో నిమిషానికి 6 పైసలు తీసుకోవడం మొదలుపెట్టింది కదా, ఆ భయం ఇంకా పోలేదు. ఆ గొడవ 2021 జనవరి 1తోనే తీరిపోయింది.

సమస్య: కస్టమర్ కేర్‌కి చేస్తే డబ్బులు పోయాయి, లేదా బ్యాలెన్స్ లేదంటూ కాల్ కలవలేదు

చాలాసార్లు ఇది 1860తో మొదలయ్యే నంబరు పనే. 1800, 1860 చూడ్డానికి ఒకే ఇంటి పిల్లల్లా ఉంటాయి గానీ లెక్క వేరు. 1800కి ఖర్చంతా ఆ కంపెనీదే. 1860కి లోకల్ కాల్ ఛార్జీ మీ నెత్తిన పడుతుంది, పైగా చాలా అన్‌లిమిటెడ్ ప్యాక్‌లు దీన్ని ఉచిత కాల్స్‌లో కలపవు కాబట్టి డబ్బు నేరుగా మెయిన్ బ్యాలెన్స్‌లోంచి పోతుంది. తెలుగు కోసం రెండు నొక్కి, కార్డు నంబరు కొట్టి, "మీ కాల్ మాకెంతో ముఖ్యం" అనే మాటా ఆ తర్వాత మ్యూజిక్కూ వింటున్నంతసేపూ మీటరు తిరుగుతూనే ఉంటుంది, ఎందుకంటే మెషీన్ ఫోనెత్తినా కాల్ ఎత్తినట్టే.

ఏం చేయాలి? కార్డు వెనకా, కంపెనీ యాప్‌లోనూ 1800 నంబరు ఉందేమో వెతకండి. చాలా కంపెనీలకు రెండూ ఉంటాయి, 1860ని పెద్దక్షరాల్లో వేసి 1800ని ఎక్కడో మూలన పెడతారు, నాకు ఒళ్లు మండేది అక్కడే. అదీ లేకపోతే 040, 080 లాంటి కోడ్‌తో మామూలు ల్యాండ్‌లైన్ నంబరు ఇచ్చారేమో చూడండి, అది మీ ప్యాక్‌లోనే పోతుంది. బ్యాంకు ఖాతాలోంచి మీకు తెలియకుండా డబ్బు పోతే 1860 లైన్లో నిలబడక్కర్లేదు, అలాంటివి చెప్పడానికి టోల్‌ఫ్రీ హెల్ప్‌లైన్ ఉండాలని రిజర్వ్ బ్యాంక్ 2017లోనే బ్యాంకులకు చెప్పింది. ఒక్కటి మాత్రం చేయకండి: నెట్‌లో వెతికితే దొరికే పది అంకెల "కస్టమర్ కేర్" మొబైల్ నంబర్లకు ఫోన్ చేయకండి. అక్కడ పోయేది కాల్ ఛార్జీ కాదు, ఖాతాలో డబ్బు.

అమెరికాలో ఖాతా ఉండి ఇండియా వచ్చినవాళ్లకు ఇంకో తిరకాసు. అక్కడి టోల్‌ఫ్రీ నంబరుకు ఇక్కణ్ణుంచి +1 800 అని కొడితే, కలిసినా ఐఎస్‌డీ ఛార్జీ పడుతుంది. కార్డు వెనక విదేశాల నుంచి చేయడానికి వేరే నంబరు ఉంటుంది, దానికి చేయండి.

సమస్య: మిస్డ్ కాల్ చూసి తిరిగి చేశాను, బ్యాలెన్స్ ఊడ్చుకుపోయింది

నంబరు ముందు ప్లస్ ఉండి, దాని పక్కన 91 లేకపోతే అది విదేశీ కాల్. ఒక్క రింగ్ ఇచ్చి పెట్టేసి, మనం తిరిగి చేస్తే వచ్చే ఛార్జీలో వాటా కొట్టేయడం పాత మోసమే. పిల్లలు అమెరికాలో ఉన్న ఇళ్లలో ఇది ఇంకా తేలిగ్గా పారుతుంది, ఎందుకంటే +1 కనపడగానే మనవాడే అనుకుంటారు. కానీ +1 876 జమైకా, +1 473 గ్రెనడా, +1 809 డొమినికన్ రిపబ్లిక్. అమెరికాకని వేయించుకున్న ఐఎస్‌డీ ప్యాక్ వీటికి పనిచేస్తుందనుకోకండి. పిల్లల నంబర్లు పేర్లతో సేవ్ చేసి పెట్టండి, పేరు రాకుండా నంబరే కనిపిస్తే వాట్సాప్‌లో అడిగి గానీ తిరిగి చేయకండి. పెద్దవాళ్ల ఫోన్లో ఐఎస్‌డీ అవసరం లేకపోతే ఆపేయమని ఆపరేటర్‌కి చెప్పడం ఇంకా మంచిది.

సమస్య: 140, 1600 నుంచి కాల్స్ వస్తున్నాయి, ఎత్తితే డబ్బులు పోతాయా?

పోవు. విదేశాల్లో రోమింగ్‌లో ఉంటే తప్ప ఇన్‌కమింగ్‌కి ఛార్జీ లేదు. 140 అంటే అమ్మకాల కాల్, వద్దనుకుంటే 1909కి చేసి డీఎన్‌డీ, అంటే ఇలాంటి కాల్స్ రాకుండా ఆపే సదుపాయం, పెట్టించుకోండి. 1600 బ్యాంకులూ ప్రభుత్వ సంస్థలూ సమాచారం కోసం చేసే కాల్స్‌కి కేటాయించిన సిరీస్.

సమస్య: ఇంట్లో ల్యాండ్‌లైన్ నుంచి మొబైల్‌కి కలవట్లేదు

ముందు 0 కొట్టండి. 2021 జనవరి 15 నుంచి అది తప్పనిసరి, దానికి అదనపు ఛార్జీ ఏమీ లేదు.

సమస్య: అసలు ఎవరికీ చేయలేదు, అయినా డబ్బు పోయింది

అప్పుడు తప్పు కాల్స్‌లో లేదు. కాలర్ ట్యూనో, క్రికెట్ అలర్టో, జాతకమో ఏదో ఒక సర్వీసు ఆన్ అయ్యుంటుంది. 155223కి చేసి ఆపించండి, అది టోల్‌ఫ్రీ. ఆన్ అయిన 24 గంటల్లోపు చెబితే కట్ చేసిన డబ్బు వెనక్కి ఇవ్వాలని నిబంధన ఉంది, కాబట్టి రేపు చూద్దాంలే అనుకోకండి.

వాళ్లు కాదూ కూడదంటే 198కి చేసి ఫిర్యాదు పెట్టండి. మామూలు సమాచారం కోసం ఉండే 121లో మనిషితో మాట్లాడితే కొన్ని కంపెనీలు ఛార్జీ వేస్తాయి, 198కి అది ఉండదు. డాకెట్ నంబరు, అంటే మీ ఫిర్యాదుకిచ్చే నంబరు, చెప్పేదాకా ఫోన్ పెట్టకండి, పై అధికారికి అప్పీల్ చేయాలంటే వాళ్లు మొదట అడిగేది అదే.