నైట్రో కారు ఇంజిన్ పాఠాలు – 4: తాడు లాగినా అందుకోని ఇంజిన్

పోయిన పాఠంలో ఇంధనంలో ఏమేం కలుస్తాయో, ట్యాంకు ఎలా నింపాలో చూశాం. ఇప్పుడు నైట్రో కారు (రిమోట్‌తో నడిపే, చిన్న ఇంధన ఇంజిన్ ఉన్న బొమ్మ కారు) ఉన్న అందరినీ విసిగించే సంగతికి వద్దాం: చెయ్యి నొప్పి పుట్టేదాకా స్టార్టర్ తాడు లాగినా ఇంజిన్ అందుకోదు.

ముందుగా ఒక షరతు. ఈ పాఠం చివరిదాకా స్క్రూ డ్రైవర్ కార్బురేటర్ (గాలిని, ఇంధనాన్ని కలిపి ఇంజిన్‌కు పంపే భాగం) జోలికి పోకూడదు. నిన్న బాగా నడిచిన ఇంజిన్ ఇవాళ మొరాయిస్తే, తప్పు నీడిల్‌లో, అంటే కార్బురేటర్ మీద ఇంధనం పాళ్లు సర్దే స్క్రూలో, ఉండటం అరుదు. కొత్తవాళ్లు మాత్రం మొదట దాన్నే తిప్పుతారు. దాంతో ఉన్న ఒక్క తప్పు రెండవుతుంది, అసలుది ఏదో ఇక తేలదు.

ప్లగ్ నుంచి మొదలు

పెట్రోలు ఇంజిన్‌లోలా ఇక్కడ స్పార్క్ ఉండదు. గ్లో ప్లగ్ అడుగున ప్లాటినం కలిసిన సన్నటి తీగచుట్ట ఉంటుంది. ప్లగ్ మీద తగిలించే చిన్న బ్యాటరీ పరికరం, ఇగ్నైటర్, ఇచ్చే 1.2 నుంచి 1.5 వోల్టులతో అది ఎర్రగా కాలుతుంది. ఇంజిన్ అందుకున్నాక మండే వేడి, ప్లాటినం మీద మిథనాల్ జరిపే చర్య కలిసి ఆ తీగను ఆరకుండా ఉంచుతాయి. అందుకే కాసేపటికి ఇగ్నైటర్ తీసేసినా ఇంజిన్ నడుస్తుంది.

ప్లగ్ విప్పి ఇగ్నైటర్‌కు తగిలించి చూడండి. కాలుతుంది కనుక చేత్తో పట్టుకోకండి. తీగచుట్ట మొత్తం కాంతివంతమైన నారింజ రంగులో వెలగాలి. సగమే వెలిగినా, తీగ తెగినా, వంకర తిరిగినా ప్లగ్ మార్చేయడమే. అసలు వెలగకపోతే ఇంకో ప్లగ్ పెట్టి చూడండి. అదీ వెలగకపోతే ఇగ్నైటర్ చార్జింగ్ అయిపోయిందన్నమాట.

ఇందులో ఒక మోసం ఉంది. చార్జింగ్ తగ్గిన ఇగ్నైటర్ కూడా బయట గాలిలో ప్లగ్‌ను ఎర్రగానే చూపిస్తుంది. లోపల తడి ఇంధనం తగలగానే తీగ చల్లారిపోతుంది. మసక ఎరుపును చూసి ప్లగ్ బాగుందని సంతృప్తి పడకండి. ప్లగ్ కింద ఉండే రాగి వాషర్ కూడా జాగ్రత్త, విప్పినప్పుడు పడిపోయి కనిపించకుండా పోయేది అదే.

తాడు బిగుసుకుంటే

లాగుతూ ఉండగా తాడు హఠాత్తుగా ఆగిపోతే బలం చూపించకండి. సిలిండర్‌లో ఇంధనం నిండిపోయి ఉండొచ్చు. గాలి అణుగుతుంది కానీ ద్రవం అణగదు. మొండిగా లాగితే తాడు తెగుతుంది, స్టార్టర్ బేరింగ్ పాడవుతుంది, ఒక్కోసారి కనెక్టింగ్ రాడ్ కూడా వంగుతుంది.

ఇంధనం పైపును క్లిప్పుతో నొక్కేసి, ప్లగ్ విప్పి, కారును తలకిందులు చేసి కింద గుడ్డ వేయండి. తాడును నాలుగైదుసార్లు నెమ్మదిగా లాగితే లోపలి ఇంధనం చిమ్ముతూ బయటికొస్తుంది. కళ్లద్దాలు తప్పనిసరి. మిథనాల్ విషం, పైగా దాని మంట పగటి వెలుతురులో దాదాపు కనిపించదు. దగ్గర్లో నిప్పు ఉండకూడదు.

కొత్త ఇంజిన్ అయితే ఇంకో అనుమానం. చాలా నైట్రో ఇంజిన్లలో సిలిండర్ పైభాగం కొద్దిగా ఇరుకుగా ఉంటుంది. చల్లగా ఉన్నప్పుడు పిస్టన్ అక్కడికి చేరి బిగుస్తుంది. అది లోపం కాదు, దాని తయారీయే అంత. ఈ రెంటికీ తేడా పట్టడం సులువు: ప్లగ్ తీశాక తాడు హాయిగా వస్తే ఇంధనం నిండింది, తీశాక కూడా పైన బిగిస్తే పిస్టన్ పట్టు. అప్పుడు హెయిర్ డ్రయ్యర్‌తో ఇంజిన్ తల వేడి చేసి ప్రయత్నించండి. అరిగిపోయిన పాత ఇంజిన్‌ది ఇందుకు పూర్తిగా తిరగేసిన కథ. చల్లగా ఉన్నప్పుడు బాగానే స్టార్ట్ అవుతుంది, వేడెక్కి ఆగాక మాత్రం ఎంత లాగినా అందుకోదు. దానికి సర్దుబాట్లు పనిచేయవు, పిస్టన్ – స్లీవ్ (పిస్టన్ కదిలే సిలిండర్ గొట్టం) జత మార్చాల్సిందే.

ఇంధనం వస్తోందా?

ప్లగ్ బాగుండి, తాడు తేలిగ్గా వస్తుంటే పైపు చూడండి. సైలెన్సర్ రంధ్రాన్ని వేలితో మూసి, తాడును ఒకటి రెండుసార్లు లాగితే ఆ ఒత్తిడి సన్నటి గొట్టం గుండా ట్యాంకుకు చేరి ఇంధనాన్ని ముందుకు తోస్తుంది. ఇంధనం కార్బురేటర్‌ను తాకగానే వేలు తీసేయండి. ఇంకొక్కసారి అనుకుంటే సిలిండర్‌లో ఇంధనం నిండి, ‘తాడు బిగుసుకుంటే’ అన్న భాగానికి తిరిగి వెళ్లాల్సి వస్తుంది.

ఇంధనం కదలకపోతే ఆ ఒత్తిడి గొట్టం ఊడిందేమో, ట్యాంకు మూత సరిగ్గా పడిందో లేదో, ఫిల్టర్ మూసుకుపోయిందేమో చూడండి. వస్తూ వస్తూ బుడగలు కనిపిస్తే పైపులో ఎక్కడో సూది బెజ్జమంత కన్నం ఉంది. పైపు కొత్తది వేయండి, టేపుతో సరిపెట్టడం నాకు నచ్చదు. ఇంధనం డబ్బా మూత వదులుగా ఉండిపోయినా కష్టమే, మిథనాల్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది. అనుమానం వస్తే కొత్త డబ్బాతో పోల్చి చూడండి.

ఎయిర్ ఫిల్టర్ తీసి కార్బురేటర్ నోట్లోకి తొంగి చూడటం మరచిపోకండి. రిమోట్ ఆన్‌లో ఉండి, ట్రిగ్గర్ వదిలేసినప్పుడు అక్కడ ఒక మిల్లీమీటరు దాకా సందు ఉండాలి. రిమోట్‌లో ఆ సందును సర్దే ట్రిమ్ మీట జరిగి పూర్తిగా మూసుకుపోతే, ఎంత లాగినా ఇంజిన్‌కు ఊపిరాడదు.

ఇప్పుడు నీడిల్

ఇన్ని చూశాకా అందుకోకపోతేనే స్క్రూ డ్రైవర్ తీయండి. ముందు నీడిల్‌ను సవ్య దిశలో మెల్లగా మూస్తూ ఎన్ని చుట్లు తిరిగిందో లెక్కపెట్టి కాగితం మీద రాసుకోండి. బిగించకండి, మొన దెబ్బతింటుంది. తర్వాత ఇంజిన్ పుస్తకంలో ఇచ్చిన కంపెనీ సెట్టింగ్‌కు తెరవండి. సవ్యంగా తిప్పితే ఇంధనం తగ్గుతుంది, అపసవ్యంగా తిప్పితే పెరుగుతుంది. మార్పు ఎప్పుడూ చుట్టులో ఎనిమిదో వంతే.

సాధన

ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడు ఇగ్నైటర్ పెట్టకుండా, ఇంధనం పైపు నొక్కేసి, ప్లగ్ ఉంచి ఒకసారి, తీసి ఒకసారి తాడు లాగండి. ఆ రెండు పట్లూ చేతికి అలవాటు కావాలి. తర్వాత ఈ ప్రశ్నకు జవాబు రాసుకోండి: ఇంజిన్ స్టార్ట్ అవుతోంది, ఇగ్నైటర్ తీయగానే ఆగిపోతోంది. ప్లగ్‌ను అనుమానించాలా, నీడిల్‌నా? ఏది ముందు, ఎందుకు? అయిదో పాఠం అక్కడి నుంచే మొదలవుతుంది.