చేనేత బట్టలను ఓడలో విదేశాలకు పంపే విధానం

పోచంపల్లి దుప్పట్లకో, మంగళగిరి నూలు బట్టకో, పెడన కలంకారీకో విదేశీ ఆర్డరు వచ్చినప్పుడు నమూనాలను విమానంలో పంపడం సబబే గాని, ముప్పై నలభై పెట్టెల సరుకు మాత్రం ఓడలో వెళితేనే గిట్టుబాటు అవుతుంది. ఓడ ప్రయాణం వారాల తరబడి సాగుతుంది, ఆ వారాలన్నీ బట్ట కంటెయినర్ అనే మూసిన ఇనుప పెట్టెలో ఉప్పుగాలి మధ్య ఉంటుంది. అందుచేత కాగితాల కంటే ముందు తేమ గురించి ఆలోచించాలని నా అభిప్రాయం. కాగితంలో దొర్లిన తప్పును చాలా సందర్భాల్లో సరిచేయవచ్చు, బూజు పట్టిన బట్టను మళ్లీ కొత్తది చేయలేము.

ముందుగా ఉండవలసిన అనుమతులు కొన్నే. విదేశీ వాణిజ్య డైరెక్టరేట్ జనరల్ ఇచ్చే ఎగుమతి దిగుమతి కోడ్ తప్పనిసరి. అది ఇప్పుడు పాన్ నంబరే, ఏటా ఏప్రిల్, జూన్ మధ్య వివరాలను ధ్రువీకరించాలి. జీఎస్టీ చెల్లించకుండా ఎగుమతి చేయడానికి ప్రతి ఆర్థిక సంవత్సరానికీ ఎల్.యు.టి. అనే హామీ పత్రం సమర్పించాలి. విదేశీ చెల్లింపుల కోసం బ్యాంకు ఇచ్చే ఏడీ కోడ్‌ను కస్టమ్స్ పోర్టల్ ఐస్‌గేట్‌లో నమోదు చేయాలి. చెన్నై కేంద్రంగా పనిచేసే చేనేత ఎగుమతి ప్రోత్సాహక మండలిలో సభ్యత్వం ఉంటే విదేశీ ప్రదర్శనలకూ, కొన్ని ప్రోత్సాహకాలకూ ఉపయోగపడుతుంది.

సరుకుకు కస్టమ్స్ కోడ్‌ను నిర్ణయించడంలో తొందర పనికిరాదు. సుంకాల పట్టికలో కుట్టని నూలు బట్ట 52వ అధ్యాయంలోకి, పట్టు బట్ట 5007లోకి, అల్లిక కాని కుట్టిన దుస్తులు 62వ అధ్యాయంలోకి, దుప్పట్లు 6302లోకి, శాలువాలు, స్టోల్స్ 6214లోకి వస్తాయి. 61, 62, 63 అధ్యాయాల సరుకుకు రాష్ట్ర, కేంద్ర పన్నుల వాపసు ఆర్.ఓ.ఎస్.సి.టి.ఎల్. పథకం కింద లభిస్తుంది, 52వ అధ్యాయపు బట్ట ఆర్.ఓ.డి.టి.ఇ.పి. అనే మరో వాపసు పథకం కిందకు వెళుతుంది. కొనుగోలుదారు తన దేశంలో కట్టే సుంకం కూడా ఇదే కోడ్‌పై ఆధారపడుతుంది కనుక, ధర చెప్పకముందే మొదటి ఆరు అంకెలపై ఆయనతో అంగీకారానికి రావడం మంచిది. ఆస్ట్రేలియాతో మన వాణిజ్య ఒప్పందం 2022 డిసెంబరు 29న, యునైటెడ్ అరబ్ ఎమిరేట్స్‌తో ఒప్పందం 2022 మే 1న అమలులోకి వచ్చాయి. ఆ దేశాలకు పంపేటప్పుడు ఆ ఒప్పందం కింద, సరుకు మన దేశంలోనే తయారైందని తెలిపే మూలస్థాన ధ్రువపత్రం తీసుకుంటే కొనుగోలుదారుకు సుంకంలో మేలు జరుగుతుంది.

రంగుల సంగతి నేతకు ముందే తేల్చుకోవాలి. ఐరోపా సమాఖ్యలో చర్మానికి తగిలే బట్టలో అజో అనే కృత్రిమ రంగుల నుంచి వెలువడే 22 ప్రమాదకర రసాయనాలలో (అమైన్లలో) ఏదీ కిలోకు 30 మిల్లీగ్రాములకు మించరాదు. అద్దిన నూలును తిరిగి మార్చలేము కాబట్టి, రంగులద్దేవారు వాడే రంగు పొడి వివరాలను రాతపూర్వకంగా తీసుకుని, ఒక్క ముక్కను టెక్స్‌టైల్స్ కమిటీ ప్రయోగశాలలో పరీక్షించాకే మొత్తం ఆర్డరును మగ్గానికి ఎక్కించాలి. అమెరికాకు వెళ్లే దుస్తులకైతే ఏ పోగు ఎంత శాతమో, ఏ దేశంలో తయారైందో, బాధ్యత గల సంస్థ ఏదో, ఎలా ఉతకాలో తెలిపే లేబుళ్లు బట్టకు ఊడిపోకుండా ఉండాలి.

ఇక అసలు పని, ఆరబెట్టి పెట్టెలో పెట్టడం. వాణిజ్య ప్రమాణం ప్రకారం నూలు తన పొడి బరువులో 8.5 శాతం, పట్టు 11 శాతం తేమను తమలో ఉంచుకుంటాయి. అంటే చూడటానికి పొడిగా ఉన్న 500 కిలోల నూలు బట్టలో కూడా దాదాపు 39 కిలోల నీరు ఉంటుంది. పగలు కంటెయినర్ వేడెక్కినప్పుడు ఈ నీరు ఆవిరై గాలిలో చేరుతుంది. రాత్రి ఇనుప పైకప్పు చల్లబడగానే ఆ ఆవిరి బొట్లుగా మారి పెట్టెల మీద రాలుతుంది. వర్షాకాలంలో నేసి, గంజి సరిగా ఆరకముందే మడతపెట్టిన బట్టకు ఈ ప్రమాదం మరీ ఎక్కువ, ఎందుకంటే గంజి బూజుకు మంచి ఆహారం. అందుచేత బట్టను గాలి ఆడే గదిలో, నేలకు ఎత్తుగా పరచి పూర్తిగా ఆరనిచ్చి, వాన లేని రోజున మడతపెట్టాలి. ఇస్త్రీ చేసిన వెంటనే పాలిథిన్ సంచిలో పెట్టడం పెద్ద పొరపాటు, ఇస్త్రీ ఆవిరి బయటకు పోనివ్వాలి.

జరీ ఉన్న చీరలకు న్యూస్‌పేపరు, రబ్బరు బ్యాండ్లు, గుండుసూదులు, కలరా ఉండలు తగలనివ్వకూడదు. ఆమ్లం లేని పలుచని కాగితాన్ని మడతల మధ్య ఉంచితే జరీ నల్లబడకుండా, మడత గీత పడకుండా ఉంటుంది. అట్టపెట్టె ఐదు పొరలది, కొత్తది కావాలి. వాడిన పెట్టె తేమకు మెత్తబడి, పై పెట్టెల బరువుకు కుంగిపోతుంది. లోపల పాలిథిన్ పొర, తేమ పీల్చే చిన్న సంచులు వేయాలి. పూర్తి కంటెయినర్ మనదే అయితే గోడలకు తేమ పీల్చే కాల్షియం క్లోరైడ్ సంచులను వేలాడదీయాలి. ఎక్కించే ముందు దాని లోపల నిలబడి తలుపులు మూయించి చూడాలి. ఎక్కడి నుంచైనా వెలుతురు కనిపిస్తే అక్కడి నుంచే నీరు వస్తుంది. చెక్క పలకలు వాడితే, లోపలి భాగం 56 డిగ్రీల సెల్సియస్ వద్ద 30 నిమిషాలు వేడి చేసినట్టు అంతర్జాతీయ ముద్ర ఉన్నవే కావాలి.

రవాణా ఖర్చును ఇలా లెక్కించాలి. 60, 40, 40 సెంటీమీటర్ల కొలతలున్న పెట్టె 0.096 ఘనపు మీటర్లు, 30 పెట్టెలు 2.88 ఘనపు మీటర్లు. పెట్టెకు 18 కిలోల చొప్పున మొత్తం బరువు 540 కిలోలు. ఇతరుల సరుకుతో కలిపి పంపే ఎల్.సి.ఎల్. పద్ధతిలో ఒక ఘనపు మీటరు లేదా 1,000 కిలోలు, ఈ రెండింటిలో ఏది ఎక్కువైతే దానికే ఛార్జి పడుతుంది కాబట్టి ఇక్కడ చెల్లించేది 2.88కి. బట్టకు దాదాపు ఎప్పుడూ ఘనపరిమాణమే లెక్కకు వస్తుంది, కాబట్టి పెట్టెలో ఖాళీ వదలకపోవడమే నిజమైన పొదుపు. 20 అడుగుల కంటెయినర్ లోపలి చోటు సుమారు 33 ఘనపు మీటర్లు. పక్కన ఘాటైన వాసన గల సరుకు పెట్టవద్దని రవాణా ఏర్పాట్లు చూసే ఫార్వర్డర్‌కు రాతలో చెప్పాలి. గమ్యస్థానంలో కొనుగోలుదారు కట్టవలసిన ఛార్జీల పట్టికను కూడా ముందే అడగాలి, ఎందుకంటే ఓడ కిరాయి చాలా తక్కువగా చెప్పి ఆ ఛార్జీల్లో రాబట్టుకునే అలవాటు ఈ వ్యాపారంలో ఉంది.

ధర మాట్లాడేటప్పుడు ఎఫ్.ఓ.బి. (సరుకు రేవులో ఓడ ఎక్కే వరకు పూచీ మనదే) అనడం మన వాళ్ల అలవాటు. కంటెయినర్ సరుకుకు ఎఫ్.సి.ఎ. నయం. దాని ప్రకారం, హైదరాబాద్ సనత్‌నగర్‌లోని ఇన్‌లాండ్ కంటెయినర్ డిపోలో కొనుగోలుదారు నియమించిన రవాణాదారుకు సరుకు అప్పగించగానే మన పూచీ తీరుతుంది, రేవు వరకు సాగే దారిలో జరిగే నష్టం మనపై పడదు. బీమా ఎవరు చేసినా, సరుకు విలువకు 10 శాతం కలిపి, ఎక్కువ రకాల నష్టాలకు వర్తించే ‘ఎ’ క్లాజు కిందే తీసుకోవాలి. 2021 మార్చిలో ఎవర్ గివెన్ ఓడ సూయజ్ కాలువలో ఇరుక్కున్నప్పుడు ఆ ఖర్చును జనరల్ యావరేజ్ (ఓడను కాపాడే ఖర్చును ఓడ, సరుకుల యజమానులు పంచుకునే) పద్ధతిలో సరుకుల యజమానుల మీద కూడా వేశారు. బీమా ఉన్నవారి తరఫున ఆ భారాన్ని బీమా సంస్థలు చూసుకుంటాయి, లేనివారు పూచీకత్తు కట్టనిదే సరుకు చేతికి రాదు.

ఇన్‌వాయిస్, ప్యాకింగ్ లిస్ట్, షిప్పింగ్ బిల్లు (కస్టమ్స్‌కు ఇచ్చే ఎగుమతి దరఖాస్తు), ఈ మూడింటిలో పెట్టెల సంఖ్య, బరువు, సరుకు వర్ణన ఒకే మాటల్లో ఉండాలి. అమెరికాకు వెళ్లే సరుకు వివరాలను అక్కడి దిగుమతిదారు ఓడలోకి ఎక్కించడానికి 24 గంటల ముందే కస్టమ్స్‌కు దాఖలు చేయాలి, అందుకు కావలసిన తయారీదారు చిరునామా మనమే సకాలంలో ఇవ్వాలి. పూర్తి కంటెయినర్‌కు ధ్రువీకరించిన మొత్తం బరువు ఇవ్వడం 2016 జులై నుంచి ప్రపంచమంతటా తప్పనిసరి. కస్టమ్స్ ఎగుమతి అనుమతి వచ్చి, సరుకు ఓడ ఎక్కాక వచ్చే బిల్ ఆఫ్ లేడింగ్ (ఓడ సంస్థ ఇచ్చే సరుకు రసీదు, దీన్ని చూపితేనే సరుకు చేతికి వస్తుంది) అసలు ప్రతులను, కొత్త కొనుగోలుదారైతే డబ్బు అందే వరకు బ్యాంకు ద్వారానే నడపాలి.

పెట్టెలను తెరిచే ముందు నాలుగు వైపులా ఫోటోలు తీయమని కొనుగోలుదారుకు ముందే రాయండి. బయటకు కనిపించని నష్టాన్ని సరుకు తీసుకున్న 3 రోజుల్లోగా రవాణాదారుకు రాతపూర్వకంగా తెలపాలి, దావా వేయడానికి సాధారణ గడువు ఒక సంవత్సరం. తడిసిన బట్టను ఆయన ఉతికించేస్తే ఆధారం పోతుంది కనుక, బీమా సర్వేయర్ చూసే వరకు ఆ పెట్టెను విడిగా, తెరిచినది తెరిచినట్టే ఉంచమని కూడా ఆ ఉత్తరంలోనే చేర్చండి.