పచ్చి మొక్కే వాలిపోతోందా? వంగ, టమాటాలో నులిపురుగునూ ఎండు తెగులునూ కలిపి అడ్డుకోవడం ఎలా?

ఆకు పసుపెక్కదు, మచ్చ పడదు. మధ్యాహ్నం కొమ్మల చివర్లు వాలతాయి, సాయంత్రానికి కాస్త తేరుకుంటాయి. రెండు మూడు రోజుల్లో మొక్క పచ్చగానే చచ్చిపోతుంది. తడి చాలలేదనుకుని వెంటనే నీరు పెట్టేవాళ్లే ఎక్కువ. తెగులు పక్క సాళ్లకు పాకేది ఆ నీటితోనే.

శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల గరువు భూముల్లో, ఏటిగట్టు ఇసుక నేలల్లో ఏటా వంగ, టమాటా, మిరప, బెండ తిప్పి తిప్పి వేసే మళ్లలో ఈ చావు వెనుక తరచుగా ఇద్దరు దోషులుంటారు. ఒకటి వేరుబుడిపె నులిపురుగు, రెండోది ఎండు తెగులు కలిగించే రాల్‌స్టోనియా బ్యాక్టీరియా.

నులిపురుగు పిల్ల అర మిల్లీమీటరు కూడా ఉండదు. వేరు కొస వెనుక నుంచి దూరి, నీటి గొట్టాల పక్కన స్థిరపడి, అక్కడి కణాలను ఉబ్బించి తన మేతగా మార్చుకుంటుంది. బ్యాక్టీరియాకు గట్టి వేరు తొక్కను చీల్చుకునే శక్తి లేదు. గాయాల నుంచో, పిల్లవేళ్లు పుట్టేచోటి పగుళ్ల నుంచో దూరాలి. నులిపురుగు ఆ గాయాలను వందల కొద్దీ చేసిపెడుతుంది. లోపలికి చేరిన బ్యాక్టీరియా నీటి గొట్టాల్లో పెరిగి, జిగురు వదిలి, నీరు పైకి ఎక్కకుండా చేస్తుంది. ఎండు తెగులును తట్టుకునే రకం వేసినా కొన్ని మళ్లలో నిలవకపోవడానికి కారణం ఇదే. విత్తనం మీద తప్పు మోపే ముందు వేళ్లు చూడాలి.

1. ముందు నిర్ధారణ

అప్పుడే వాలిన మొక్క కాండాన్ని నేలకు దగ్గరగా కోసి, 5–6 సెంటీమీటర్ల ముక్క తీసుకోండి. గాజు గ్లాసులో తేట నీళ్లు పోసి, ముక్క కింది కొస మాత్రమే నీటిలో మునిగేలా దారంతో వేలాడదీయండి. గ్లాసు కదపకూడదు. ఎండు తెగులైతే అయిదు నిమిషాల్లోపే కోసినచోటు నుంచి పాలలాంటి తెల్లని పోగులు కిందికి దిగుతాయి. పోగు రాకుండా, కింది ఆకుల నుంచి పసుపెక్కుతూ వస్తే అది ఫ్యుజేరియం బూజు కావచ్చు. దాని వైద్యం వేరు. పూర్తిగా ఎండిన మొక్కతో ఈ పరీక్ష చేయకండి, పోగు రాకపోవచ్చు.

తర్వాత వేళ్లు. మొక్కను పీకకండి, పీకితే బుడిపెలున్న సన్నవేళ్లు తెగి మట్టిలోనే ఉండిపోతాయి. పారతో చుట్టూ తవ్వి, మట్టిపెళ్లతో సహా ఎత్తి, బకెట్ నీటిలో నానబెట్టి కడగాలి. నులిపురుగు బుడిపె వేరులో భాగంగా ఉబ్బి ఉంటుంది, గోటితో గీకినా ఊడదు. (పెసర, మినుము వేళ్ల మీద ఊడివచ్చే బొడిపెలు నత్రజనినిచ్చే మంచివి, వాటిని చూసి కంగారుపడొద్దు.)

ల్యాబ్‌కు పంపాలంటే మడిలో అడ్డదిడ్డంగా 10–15 చోట్ల, మొక్కల మొదళ్ల దగ్గర, 15–20 సెంటీమీటర్ల లోతు నుంచి మట్టి తీసి కలిపి, 250 గ్రాములు, గుప్పెడు సన్నవేళ్లతో ప్లాస్టిక్ సంచిలో కట్టండి. ఎండబెట్టకూడదు; భూసార పరీక్షకు అలవాటైన చేతులు ఇక్కడే పొరపడతాయి. ఎండితే పురుగు చచ్చి, లెక్క తప్పుతుంది. పరీక్ష ఎక్కడ చేస్తారో ఆమదాలవలస కృషి విజ్ఞాన కేంద్రంలో అడగవచ్చు.

2. వాలిన మొక్క ఉన్నప్పుడు

దానికి మందు లేదు. కాపర్ మందు మొక్క మొదలు దగ్గర పోసినా లోపలి గొట్టాల్లోకి చేరదు. యాంటీబయాటిక్‌లకు పెట్టే డబ్బు దండగ. మొక్కను వేరు మట్టితో సహా తవ్వి, సంచిలో వేసి, మడి బయట కాల్చండి. కాలవలోనో గత్తం (పశువుల ఎరువు) కుప్పలోనో పారేయకండి. ఆ సాలుకు నీరు ఆపి, చివరగా విడిగా పెట్టండి. బతికిన మొక్కల దగ్గర గొప్పు లోతుగా తవ్వొద్దు, తెగిన ప్రతి వేరూ బ్యాక్టీరియాకు కొత్త దారి. కలుపు చేత్తో తీయండి. కామంచిని అసలు వదలకండి, అది రెండింటికీ ఆశ్రయం.

3. వేసవిలో నేల పని

అసలు యుద్ధం నాటడానికి ముందే. పంట అవగానే మోళ్లను వేళ్లతో తవ్వి తీసేయాలి. ఒక్కో ఆడపురుగు 300–500 గుడ్లు పెడుతుంది, అవన్నీ ఆ బుడిపెల మీదే ఉంటాయి. ఏప్రిల్, మే నెలల్లో పది పదిహేను రోజుల ఎడంతో రెండు మూడు దుక్కులు దున్ని ఎండనివ్వండి.

నారుమడికి ప్లాస్టిక్ కప్పండి. మడిని మెత్తగా చేసి, బాగా తడిపి, 25 మైక్రాన్ల పారదర్శక షీటు నేలకు అంటుకునేలా పరచి, అంచులు మట్టిలో పూడ్చి 4–6 వారాలు ఉంచాలి. నల్ల షీటు కింద అంత వేడి పుట్టదు, పొడి మట్టిలోకి వేడి దిగదు. అకాల వానకు షీటు మీద నిలిచిన నీటిని తోసేయండి, చిరుగులకు టేపు వేయండి. తర్వాత లోతుగా తవ్వితే కింది పురుగు పైకి వస్తుంది. పొలమంతా కప్పడానికి ఖర్చు గిట్టదు, నారుమడికి మాత్రం తప్పక గిట్టుతుంది.

4. గత్తంతో మేలు చేసే సూక్ష్మజీవులు

ఎకరాకు 90 కిలోల బాగా చివికిన గత్తం, 10 కిలోల వేపపిండి కలిపి, దానిలో 2 కిలోల పర్‌ప్యూరియోసిలియం లిలాసినమ్, 2 కిలోల సూడోమోనాస్ ఫ్లోరోసెన్స్ వేయండి. మొదటిది గుడ్లను తినే బూజు, రెండోది వేరు చుట్టూ చేరి చెడు బ్యాక్టీరియాకు చోటివ్వదు. పిడికిట పడితే ముద్ద కట్టేంత, నీరు కారనంత తడితో, నీడలో తడి గోనెలు కప్పి 15 రోజులు ఉంచి, నాలుగైదు రోజులకోసారి తిరగేయండి. పచ్చి గత్తంలో పుట్టే వేడికి ఇవి చస్తాయి. దీన్ని ఆఖరి దుక్కిలో, నేల తడిగా ఉన్నప్పుడు చల్లాలి. దీనికి తోడు ఎకరాకు 200 కిలోల వేపపిండి వేయగలిగితే మంచిది. బ్లీచింగ్ పౌడర్ వేసే ఆలోచన ఉంటే ఈ సూక్ష్మజీవులను వేయకండి, అది వీటినీ చంపేస్తుంది, డబ్బు రెండు వైపులా పోతుంది.

5. నారు, రకం

కొన్న నారు అయితే కట్టలోంచి పదిహేను మొక్కలు తీసి కడిగి చూడండి. ఒక్కదానికి బుడిపె ఉన్నా మొత్తం వెనక్కి ఇచ్చేయండి. నాటే ముందు లీటరు నీటికి 10 గ్రాముల సూడోమోనాస్ కలిపి వేళ్లను అరగంట ముంచండి.

వంగలో అర్క నిధి, అర్క కేశవ్, టమాటాలో అర్క రక్షక్ ఎండు తెగులును తట్టుకుంటాయి. పురుగు తగ్గిన నేలలోనే వాటి సత్తా తెలుస్తుంది. నులిపురుగును తట్టుకునే టమాటాల్లో ఉండే ఎంఐ జన్యువు, నేల వేడి 28 డిగ్రీలు దాటితే పనిచేయదు, మన వేసవికి దాన్ని నమ్ముకోలేం. పాత తెగులు మడిలో వంగే వేయాలనుకుంటే ఉస్తి అనే అడవి వంగ జాతి మొదలు మీద అంటుకట్టిన నారు మేలు, అది రెండింటినీ తట్టుకుంటుంది.

6. పంట మార్పిడి

నీరు నిలిచే మడి అయితే ఒక ఖరీఫ్ వరి వేయండి. మెట్టలో చోళ్లు (రాగులు) వేసుకోవచ్చు. మొక్కజొన్నకు ఎండు తెగులు రాదు గాని, బుడిపెలు కనిపించకుండానే నులిపురుగును పెంచగలదు. వేరుశనగకు ఎండు తెగులు సోకుతుంది. బుడిపె పురుగుకు బెండంటే మహా ఇష్టం, తెగులు మడిలో వద్దు. బంతి వేస్తే గట్టు మీద నాలుగు మొక్కలు కాదు, మడంతా ఒత్తుగా రెండు మూడు నెలలు ఉండాలి. నులిపురుగును అణచే గుణం దాని వేరు దాటి దూరం పోదు.

నులిపురుగు తనంతట తాను ఒక పంటకాలంలో మీటరు దూరం కూడా పోలేదు. ఊరంతా తిరిగేది ట్రాక్టరు గొర్రుకంటిన మట్టితో, పొలం నుంచి పొలానికి పారే నీటితో. అద్దె ట్రాక్టరు మీ మడిలో దిగే ముందు గొర్రు కడిగించండి, తెగులున్న మడిని ఆఖర్న దున్నించండి.