ట్రైనీలు చేతులు కడిగినా బొటనవేలు ఎందుకు మిగిలిపోతుంది?

తిరుపతిలో మా నర్సింగ్ ట్రైనీలు ఆరు స్టెప్పులూ గడగడా అప్పజెబుతారు. చేతులు మాత్రం సరిగ్గా కడగరు. దీన్ని దారికి తెచ్చింది పోస్టరు కాదు, రంగు.

గ్లవ్స్ తొడిగించి, అరచేతిలో 3 మి.లీ. వాటర్ కలర్ పోసి, కళ్లకు గంతలు కట్టి రుద్దమనాలి. గంతలు విప్పాక రంగంటని చోట్లు చూసుకోమనండి: బొటనవేలి మొదలు, వేళ్ల కొసలు, కుడిచేతి వాటం వాళ్లకు కుడిచేతి వెనకవైపు. కుడిచెయ్యి రుద్దుతుందే గాని రుద్దించుకోదు మరి. అందుకని ముందు ఎడమచేత్తో కుడిచేతిని రుద్దిస్తాం. బొటనవేలిని రెండో చేతి గుప్పిట్లో పట్టి తిప్పాలి, పైపైన తడిమితే లాభం లేదు. కొసల్ని అరచేతిలో గుండ్రంగా రుద్దాలి. గోళ్లు పెరిగుంటే కొస అసలు తగలదు.

సబ్బునీళ్లతో మొత్తం 40–60 సెకన్లు, శానిటైజర్ లాంటి ఆల్కహాల్ రబ్‌తో 20–30. రబ్ ఆరకముందే గ్లవ్స్ వేయకూడదు. క్లోస్ట్రిడియోయిడిస్ డిఫిసిల్ అనే పేగు బ్యాక్టీరియా విరేచనాలని అనుమానముంటే రబ్‌కు దాని స్పోర్లు (గట్టి పెంకున్న విత్తనాల్లాంటి రూపాలు) చావవు, సబ్బునీళ్లే వాడాలి.

బోరునీళ్లలో కాల్షియం, మెగ్నీషియం లవణాలు ఎక్కువైతే సబ్బు నురగ రాదు, తెట్టు కడుతుంది. లిక్విడ్ హ్యాండ్‌వాష్ నయం. సీసాలో మిగిలినదాని మీదే మళ్లీ పోయకండి.

ఇక్కడ ఇంకో తలనొప్పి, కొండకెళ్లి చేతికి కట్టుకొచ్చిన దారం. తడిస్తే ఓపట్టాన ఆరదు, కింద మురికి అలాగే ఉంటుంది. తెంపమంటే నొచ్చుకుంటారు. డ్యూటీలో ఉన్నంతసేపు విప్పి పర్సులో పెట్టుకోమంటే సరేనంటారు.

మోచేత్తో తిప్పే కుళాయి లేకపోతే, చేతులు తుడుచుకున్న పేపరుతోనే కుళాయి కట్టేయాలి.