గాలివానలకు ముందు చెట్లు కొట్టే పనివాళ్ళు తీసుకోవలసిన జాగ్రత్తలు

రోహిణి కార్తె దగ్గర పడుతోందంటే మా ఫోన్లకు తెరిపి ఉండదు. "వేపకొమ్మ కరెంటు తీగకు రాసుకుంటోంది", "కొబ్బరిచెట్టు పక్కింటి రేకుల మీదికి వాలింది", "ఎంతైనా ఇస్తాం, రేపే రావాలి" అంటూ రోజంతా కాల్స్ వస్తూనే ఉంటాయి. జూన్ చివరికి కాస్త తగ్గి, అక్టోబరు, నవంబరుల్లో తుఫాను హెచ్చరికలు మొదలవగానే మళ్ళీ అదే హడావుడి. ఈ పనిలో నాలుగు రూపాయలు కళ్ళచూసేది ఈ రెండు సీజన్లలోనే. నేను చూసినంతలో మనుషులు పడిపోయింది, షాక్ కొట్టి ప్రాణాలు పోయింది కూడా ఎక్కువగా ఈ రోజుల్లోనే.

మాది విశాఖ. 2014 అక్టోబరు 12, ఆదివారం హుద్‌హుద్ తుఫాను తీరం దాటింది. గంటకు 180 కిలోమీటర్ల గాలికి ఊళ్ళో చెట్లు ఆకు లేకుండా రాలిపోయాయి, ఎన్నో వేళ్ళతో సహా లేచి రోడ్ల మీద పడ్డాయి. నేను ఈ పనిలోకి దిగింది ఆ వారంలోనే. ఒక గొడ్డలి, అద్దెకు తెచ్చిన చైన్ సా, కాళ్ళకు హవాయి చెప్పులు. హెల్మెట్ పెట్టుకోవాలన్న ఆలోచన కూడా మాకెవ్వరికీ రాలేదు. ఆ రోజులు గుర్తొస్తే ఇప్పటికీ ఒళ్ళు జలదరిస్తుంది. ఇప్పుడు నా దగ్గర ఏడుగురు పని చేస్తున్నారు. వాళ్ళు సాయంత్రం ఇంటికి చేరారా లేదా అన్నదే నాకు అన్నిటికన్నా పెద్ద టెన్షన్. ఈ సీజన్లో ఎక్కేవాడికి ఎంత నేర్పున్నా సరే, కింద నిలబడిన మేస్త్రి "ఈరోజు వద్దు, దిగిరా" అనలేకపోతే అది పనికిరాదు.

చెట్టు చుట్టూ మూడుసార్లు

ఫోన్లో ధర చెప్పే అలవాటు ఈ రెండు నెలలైనా మానేయండి. ఫోటో చూసి కూడా చెప్పొద్దు. వెళ్ళి, ప్రదక్షిణ చేసినట్టు చెట్టు చుట్టూ మూడుసార్లు తిరగండి.

మొదటిసారి నేల చూడండి. ఒక పక్క మట్టి ఉబ్బిందా, నెర్రె విచ్చిందా, మొదట్లో పుట్టగొడుగులు లేచాయా? ఈమధ్య డ్రైనేజీ కోసమో, కేబుల్ కోసమో, కాంపౌండ్ గోడ పునాదికో తవ్వారా అని ఇంటివాళ్ళను తప్పకుండా అడగండి. ఒకవైపు వేళ్ళు తెగిన చెట్టు పైకి పచ్చగానే ఉంటుంది, మనిషి ఎక్కాక వాలుతుంది. మొదలు చుట్టూ సిమెంటు పోసేసిన చెట్లను మరీ అనుమానించాలి. చెట్టు చుట్టూ ఒక మీటరు దాకా కాంక్రీటు తీసేయాలని 2013లో ఢిల్లీ చెట్ల విషయంలో జాతీయ హరిత ట్రిబ్యునల్ ఆదేశించింది. మన వీధుల్లో చూస్తే బోదెకు ఆనించి టైల్స్ వేస్తున్నారు.

రెండోసారి బోదె చూడండి. కర్ర సుత్తితో చుట్టూ కొడుతూ వింటే గట్టి చెట్టు ఠంగుమంటుంది, లోపల పుచ్చినది డొల్లగా పలుకుతుంది. కొబ్బరికైతే మొదట్లో ఎర్రటి గోధుమరంగు జిగురు కారుతోందేమో చూడండి. అది గానోడెర్మా తెగులు గుర్తు, అలాంటి చెట్టెక్కడం ప్రమాదం. పంగ దగ్గర చీలిక కనిపిస్తే నేనొక పని చేస్తాను. జేబులోని విజిటింగ్ కార్డు ఆ సందులో దూర్చి, గాలి వీచేదాకా ఆగుతాను. గాలికి కొమ్మ ఊగినప్పుడు కార్డు జారి కిందపడినా, నలిగి బిగుసుకున్నా ఆ పంగ కదులుతోందన్నమాట. దాని పైకి నేను ఎవరినీ ఎక్కించను. పక్కనుంచి బకెట్ లిఫ్ట్ అయినా తెప్పించాలి, లేదా పని వదులుకోవాలి.

మూడోసారి పైన చూడండి. తీగలు, ఎండిన కొమ్మలు, తేనెపట్లు. పెద్ద తేనెటీగల పట్టు ఉంటే రంపం చప్పుడుకే లేస్తాయి. తాళ్ళతో కట్టుకుని ఉన్న మనిషి వాటినుంచి పారిపోలేడు. తేనె తీసేవాళ్ళతో మాట్లాడాకే పని పెట్టుకోండి. కాకులు, కొంగలు గూళ్ళు కట్టే కాలం కూడా ఇదే. గుడ్లో, పిల్లలో ఉంటే ఆ కొమ్మను కొన్ని వారాలు వదిలేయమని ఇంటివాళ్ళకు నచ్చజెప్పండి. వన్యప్రాణి సంరక్షణ చట్టం మాట ఎత్తితే చాలామంది ఒప్పుకుంటారు.

చెట్టు జాతి కూడా చూడాలి. తురాయి, సుబాబుల్, నీలగిరి కొమ్మలు చెప్పాపెట్టకుండా విరుగుతాయి. నిద్రగన్నేరు కొమ్మ దూరం సాగి, వానకు తడిస్తే బరువుతో కుంగుతుంది. ఇక మునగ సంగతి చెప్పక్కర్లేదు. పొగిడి పొగిడి ఒకడిని ప్రమాదంలోకి నెట్టడాన్ని మునగచెట్టు ఎక్కించడం అని మన పెద్దవాళ్ళు ఊరికే అనలేదు. "తమ్ముడూ, నువ్వైతే ఎక్కేస్తావులే" అని ఇంటి యజమాని అన్నప్పుడు మీ కుర్రాడి ముఖం చూడండి. వాడు అప్పటికే చెప్పులు విడుస్తూ ఉంటాడు. అక్కడ ఆపాల్సింది మీరే.

కరెంటు

దీని గురించి కాస్త వివరంగా చెప్పాలి.

తీగకు పది అడుగుల లోపు కొమ్మ ఉందంటే, అది ముందు కరెంటోళ్ళ పని, ఆ తర్వాతే మన పని. అది 11 కేవీ (11 వేల వోల్టుల) లైనా, వీధి లైనా అని లెక్కలు వేయకండి. కరెంటు సెక్షన్ ఆఫీసుకు వెళ్ళి, ఏఈకి (అసిస్టెంట్ ఇంజినీరుకు) కాగితం ఇచ్చి, ఎల్‌సీకి (లైన్ క్లియర్, అంటే లైన్లో కరెంటు ఆపి పని చేసుకోవచ్చన్న అనుమతికి) తేదీ ఖాయం చేసుకోండి. వానాకాలానికి ముందు డిస్కంలే (కరెంటు పంపిణీ సంస్థలే) ఫీడర్ల (ఒక్కో ఏరియాకు వెళ్ళే లైన్ల) వారీగా కొమ్మలు కొట్టిస్తాయి. ఫలానా ఏరియాలో ఉదయం కరెంటు ఉండదని ముందురోజు పేపర్లో, వాట్సాప్ గ్రూపుల్లో వస్తుంది. మీ పనిని ఆ రోజుకే కలుపుకుంటే అందరికీ తేలిక. లైన్‌మన్‌కు ఓ మాట చెప్పి పక్కన నిలబెట్టుకోవడం ఎల్‌సీ కాదు. సబ్‌స్టేషన్లో ఎల్‌సీ తీసుకోవాలి, ఏబీ స్విచ్ (స్తంభం మీద లైనును విడదీసే స్విచ్) తెరవాలి, మనం పని చేసే చోట తీగలను గొలుసుతో నేలకు కలిపి ఎర్త్ చేయాలి. ఈ చివరిది కళ్ళారా చూశాకే మనిషిని ఎక్కనివ్వండి.

ఎందుకంటారా? కొన్నేళ్ళ క్రితం, పెళ్ళిళ్ళ సీజన్లో ఒక వీధిలో పెద్ద రావిచెట్టు కొమ్మలు తీయాలి. ఎల్‌సీ తీసుకున్నారు, స్విచ్ తెరిచారు, వీధంతా ఫ్యాన్లు ఆగిపోయాయి. మా కుర్రాడు బెల్టు బిగించుకుని ఒక కాలు పంగలో పెట్టాడు. వచ్చిన లైన్‌మన్ పెద్దాయన, రిటైర్మెంటుకు దగ్గరపడిన మనిషి. "ఆగు బాబూ, గొలుసు వేయనీ" అని ఎర్తింగ్ గొలుసును తీగ మీదికి విసిరాడు. చిటచిటమని నీలం మెరుపు. వీధి చివర పెళ్ళి జరుగుతున్న ఇంట్లో జనరేటర్ ఆన్ చేశారు. చేంజోవర్ స్విచ్ (జనరేటర్ కరెంటు వీధి లైన్లోకి పోకుండా ఆపేది) లేకుండా ఎవరో దాన్ని నేరుగా మీటరు దగ్గర కలిపారు, ఆ కరెంటు వెనక్కి తిరిగి వీధి లైన్లోకి వచ్చింది. మావాడు కాలు కిందికి దించి అక్కడే కూలబడ్డాడు. చాలాసేపు మాట్లాడలేదు. ఆ రోజు ఆ పెద్దాయన మర్చిపోయి ఉంటే ఏమయ్యేదో నేనిప్పటికీ ఆలోచించలేను.

అందుకే ఎల్‌సీ ఉన్నా సరే, చుట్టుపక్కల ఇళ్ళలో, అపార్ట్‌మెంట్లలో జనరేటర్లు, ఇన్వర్టర్లు ఎలా కలిపారో ఒక మనిషిని పంపి అడిగించండి. ఎల్‌సీ తిరిగి ఇచ్చేముందు మీ మనుషులను వేళ్ళ మీద లెక్కపెట్టండి, నిచ్చెనలు, తాళ్ళు తీసేశారో లేదో చూడండి. "అయిపోయిందా?" అని ఫోన్లో అడిగితే ఇంకెవరో జవాబు చెప్పకూడదు. తీసుకున్నవాళ్ళే తిరిగి ఇవ్వాలి.

తడిసిన కొమ్మలోంచి, తడి తాడులోంచి, తడి వెదురులోంచి కూడా కరెంటు పారుతుంది. అల్యూమినియం నిచ్చెన, ఇనుప కొక్కెం ఉన్న దోటి తీగల దరిదాపులకు తేవొద్దు. పైన ఎవరికైనా షాక్ కొడితే ముట్టుకోవడానికి ఎక్కకండి. ముందు సరఫరా ఆపించాలి. లైన్‌మన్ నంబరు, 1912, 108 మూడూ ఫోన్లో పైనే ఉండాలి. గుండె నొక్కి ఊపిరి పోయడం మీ గుంపులో కనీసం ఇద్దరికి నేర్పించండి.

తాడు, రంపం, ఒళ్ళు

మనిషికి కట్టే తాడు వేరు, కొమ్మను దించే తాడు వేరు. రంగులు వేరుగా కొనండి, ఒకటి ఇంకోదానికి వాడనివ్వకండి. ప్రతి ఉదయం తాడును అరచేతిలోంచి జారనిస్తూ తడమాలి. ఎక్కడైనా గట్టిపడినట్టు, చదునైనట్టు, నూగులేచినట్టు తగిలితే ఆ తాడును అక్కడికక్కడే కోసేయండి. పక్కన పెడితే సాయంత్రానికి ఎవడో ఒకడు వాడేస్తాడు. హార్నెస్ (ఒంటికి కట్టుకునే బెల్టు) మీద ఐఎస్ 3521, హెల్మెట్ మీద ఐఎస్ 2925 గుర్తు చూసి కొనండి.

చెట్టు మీద చైన్ సా వాడుతున్నప్పుడు మనిషికి ఎప్పుడూ రెండు కట్లు ఉండాలి, వాటిలో ఒకటి లోపల ఉక్కు తీగ ఉన్నది. రంపం జారితే మామూలు తాడు క్షణంలో తెగిపోతుంది. సా ఎప్పుడూ రెండు చేతులతో, భుజాల కన్నా కిందే. బార్ (చైన్ తిరిగే పలక) ముక్కు పై భాగం దేనికైనా తగిలితే రంపం ముఖం మీదికే ఎగురుతుంది. పొద్దున్నే చైన్ బ్రేక్ పరీక్షించకుండా పని మొదలుపెట్టొద్దు. మిషన్ పుస్తకంలో 50:1 అని ఉంటే లీటరు పెట్రోలుకు 20 మిల్లీలీటర్ల 2టీ ఆయిల్, అంతే. ఇంజిను చల్లారాకే పోయండి.

తాడిచెట్టు ఎక్కేవాళ్ళు తాతల నాటి మోకుతో నడిపిస్తారు కదా, మనకెందుకు ఇవన్నీ అంటారు కొందరు. ఆ గీత కార్మికులే ఎంతోమంది పడి ప్రాణాలు పోగొట్టుకున్నారు, నడుములు విరగ్గొట్టుకున్నారు. అందుకే 2024 జూలైలో తెలంగాణ ప్రభుత్వం కాటమయ్య రక్షణ కవచం పేరుతో వాళ్ళకు సేఫ్టీ కిట్లు ఇవ్వడం మొదలుపెట్టింది. ఇంకో సంగతి, కొబ్బరిచెట్టు చకచకా ఎక్కేవాడికి వేపచెట్టు పని వచ్చినట్టు కాదు. ఒంటి బోదె వేరు, నలువైపులా ఊగే కొమ్మలు వేరు.

పైన ఒకరు ఉంటే, ఎక్కి దించగలిగిన ఇంకొకరు బెల్టు కట్టుకుని కింద సిద్ధంగా ఉండాలి. స్పృహ తప్పి హార్నెస్‌లో వేలాడే మనిషికి అలా వేలాడటమే ప్రాణం మీదికి తెస్తుంది. అంబులెన్స్ వచ్చేదాకా ఆగే వ్యవధి ఉండదు.

మేలో ఐదున్నరకు మొదలుపెట్టి పదిన్నరకు దిగిపోండి. మజ్జిగ, ఓఆర్‌ఎస్ దగ్గర ఉంచండి. ముందురాత్రి మందు తాగి వచ్చినవాడిని కొమ్మలు ఏరే పనికి కూడా పెట్టొద్దు, బస్సు చార్జీ ఇచ్చి ఇంటికి పంపండి. ఫోన్లో దామిని యాప్ పెట్టుకుంటే దగ్గర్లో పిడుగులు పడుతున్నాయేమో తెలుస్తుంది. ఉరుము వినిపిస్తే దిగాలి, చివరి ఉరుము తర్వాత అరగంట దాకా ఎక్కకూడదు. ఎంత చిన్న ముక్క మిగిలినా సరే.

మోడు చేయమంటారు

గాలికి భయపడి "మొత్తం తల కొట్టేయండి" అని అడిగేవాళ్ళే ఎక్కువ. అలా చేస్తే రెండేళ్ళలో ఆ మోడు చుట్టూ గుబురుగా చిగుళ్ళు వస్తాయి. అవి పైపై బెరడుకే అతుక్కుని ఉంటాయి, పెరిగి బరువెక్కాక చిన్న గాలికే ఊడి పడతాయి. కోసిన చోట నీళ్ళు దిగి బోదె పుచ్చుతుంది. ఎండినవి, రాసుకునేవి, ఇంటి మీదికి సాగినవి తీసి, మొత్తం ఆకులో నాలుగో వంతుకు మించి తగ్గించకుండా చూడండి. పెద్ద కొమ్మకు ముందు కింద గాటు, తర్వాత కాస్త అవతల పైనుంచి కోత, చివరికి మిగిలిన ముక్కను కొమ్మ మొదట్లోని ఉబ్బును ముట్టకుండా దాని బయటి అంచున కోత. ఇలా చేస్తే బెరడు చీరుకుపోదు, గాయం మానుతుంది.

కూలికి బదులు కట్టె తీసుకునే బేరం నేను మానేశాను. కట్టె మనదైతే చేయి అవసరానికి మించి కొడుతుంది, ఎంత మంచివాడికైనా. చెట్టు మొత్తం తీయాలంటే వాల్టా చట్టం, 2002 ప్రకారం అనుమతి కావాలి. వీధి చెట్టైతే మున్సిపాలిటీని అడగనిదే రెమ్మ కూడా ముట్టొద్దు. ఆ కాగితం కాపీ మీ దగ్గరే ఉంచుకోండి, పోలీసులు ముందు అడిగేది మిమ్మల్నే.

మీ మనుషులందరికీ డబ్ల్యూసీ పాలసీ (పనిలో ప్రమాదం జరిగితే పరిహారం ఇచ్చే బీమా) కట్టండి. దానికి తోడు ప్రధానమంత్రి సురక్షా బీమా ఏడాదికి 20 రూపాయలే, ప్రమాదంలో చనిపోతే కుటుంబానికి 2 లక్షలు వస్తాయి. అది మే 31తో ముగిసి జూన్ 1న కొత్తగా మొదలవుతుంది, అంటే సరిగ్గా మన సీజన్ మధ్యలో. ఖాతాలో ఆ 20 రూపాయలు లేక పాలసీ ఆగిపోయినవాళ్ళు ఎందరో. మే నెలాఖరున ఒక్కొక్కరి పాస్‌బుక్ అడిగి చూడండి.

పడిన చెట్టు

నిలబడిన చెట్టు కన్నా గాలికి పడిన చెట్టు ఎక్కువ మోసం చేస్తుంది. కింద నొక్కుకుపోయిన కొమ్మ విల్లులా వంగి ఉంటుంది, గాటు పడగానే చాచి కొడుతుంది. ఎటు లాగుతోందో, ఎటు నొక్కుకుందో చూసి, ముందు నొక్కుకున్న వైపు చిన్న గాటు పెట్టి, తర్వాత అవతలి వైపునుంచి కొంచెం కొంచెంగా కోయాలి. చిక్కుకున్న తీగ ఏదైనా, కేబుల్ టీవీదే అని ఎవరు చెప్పినా, కరెంటోళ్ళు చూసేదాకా ముట్టొద్దు.

వేళ్ళతో లేచిన చెట్టును కోస్తే, బోదె బరువు తగ్గగానే ఆ వేళ్ళ దిబ్బ గోతిలోకి వెనక్కి తిరిగి పడుతుంది. హుద్‌హుద్ తర్వాత నేనే కోస్తూ ఉంటే, నాకన్నా ఎత్తైన దిబ్బ ఒక్కసారిగా లేచి నిలబడింది. ఆ గోతిలో అప్పటిదాకా వీధి పిల్లలు ఆడుకుంటున్నారు. ఎవరో పెద్దావిడ కేకలేసి అప్పుడే బయటికి లాగింది. ఇప్పుడు రంపం స్టార్ట్ చేసే ముందు నేనే దిగి ఆ గోతిలోకి చూసి వస్తాను, దిబ్బను పక్క చెట్టుకో, లారీకో మోకుతో కట్టిస్తాను, పని ముగిసేదాకా అక్కడ ఒక మనిషిని కాపలా పెడతాను.