ప్రెసిషన్ క్లబ్ ఎలా నేర్చుకోవాలి? బ్రిడ్జ్‌లో ఇద్దరు కలిసి ఒక సిస్టమ్ కట్టుకునే పద్ధతి

పత్తాలాట అనగానే మా వరంగల్ వైపు ఇళ్లల్లో పెద్దవాళ్లు మొహం చిట్లిస్తారు. వాళ్ల కళ్ల ముందు మెదిలేది పైసలు పెట్టి ఆడే ఆట. బ్రిడ్జ్‌లో పైసలతో పని లేదు. 2018లో జకార్తా ఆసియా క్రీడల్లో ప్రణబ్ బర్ధన్, శిబ్‌నాథ్ సర్కార్ జంట మన దేశానికి బంగారు పతకం తెచ్చింది ఈ ఆటలోనే. అప్పటికి ప్రణబ్ గారి వయసు 60 ఏళ్లు.

ఇరవై ఎనిమిది ఆట తెలిసినవాళ్లకు పాట పాడటం అంటే ఏమిటో చెప్పనక్కర్లేదు; తెలియనివాళ్లకు, ముక్కలు ఆడే ముందు నడిచే వేలంపాట లాంటిది అది. బ్రిడ్జ్‌లో పాటకు ఇంకో పని కూడా ఉంది. ఎదురుగా కూర్చున్న పార్ట్‌నర్‌కు మన చేతిలోని 13 ముక్కల గురించి కబురు చెప్పేది కూడా అదే. వాడుకోవడానికి ఉన్న మాటలు మొత్తం 38: ఒకటి కళావర్ నుంచి ఏడు నో ట్రంప్ (తురుపు రంగు లేని పాట) దాకా 35 పాటలు, ఆపైన పాస్, డబుల్ (అవతలివాళ్ల పాట మీద పాయింట్లు పెంచడం), రీడబుల్ (దాన్ని ఇంకా పెంచడం). ఒక్కో మాటకు ఏ అర్థం ఉండాలో ఇద్దరూ ముందుగా మాట్లాడుకుని పెట్టుకున్న ఒప్పందాన్నే సిస్టమ్ అంటారు.

హన్మకొండలో మేం ఆడేది ప్రెసిషన్ క్లబ్. సి.సి. వెయ్ అనే ఆయన తయారుచేసిన ఈ సిస్టమ్‌తో 1969లో తైవాన్ జట్టు బెర్ముడా బౌల్ ప్రపంచ పోటీలో రెండో స్థానంలో నిలిచింది. అప్పటిదాకా ఆ జట్టును పెద్దగా ఎవరూ లెక్కలోకి తీసుకోలేదు. ఆట మామూలుగా వచ్చి, సిస్టమ్ మాత్రం పట్టుబడనివాళ్ల కోసం మేం నేర్చుకున్న వరుసలోనే రాస్తున్నాను.

ముందు ఒక్క పార్ట్‌నర్‌ను ఖాయం చేసుకోండి

నలుగురితో నాలుగు రకాలుగా ఆడుతూ ప్రెసిషన్ నేర్చుకోవడం కుదరదు. ఒక్కరినే ఎంచుకుని ఆరు నెలలు వాళ్లతోనే ఆడండి. బాగా ఆడేవాళ్ల కంటే ఓపికగా కూర్చుని రాసుకునేవాళ్లే మేలు. మా అన్న వరుసాయన ఉండేది కరీంనగర్‌లో, నేనుండేది హన్మకొండలో. ఆదివారం ఒకచోట కలుస్తాం, మిగతా రోజుల్లో రాత్రిపూట ఫోన్లో బ్రిడ్జ్ బేస్ ఆన్‌లైన్‌లో ఆడతాం.

ఓపెనింగ్ పాటలన్నీ ఒకే కాగితం మీద

పాయింట్ల లెక్క మామూలే: ఆసుకు 4, రాజుకు 3, రాణికి 2, జాకీకి 1. పేక మొత్తం కలిపితే 40. ప్రెసిషన్‌లో గీత 16 దగ్గర పడుతుంది. 16 గానీ అంతకు మించి గానీ ఉంటే, రంగులు ఎట్లా ఉన్నా, దాదాపు ప్రతి చేతినీ ఒకటి కళావర్‌తోనే మొదలుపెట్టాలి. ఆ పాటకు కళావర్ రంగుతో ఏ సంబంధమూ లేదు.

అంతకు తక్కువైతే: ఒకటి ఆఠీన్ లేదా ఒకటి ఇస్పేట్ అంటే ఆ రంగులో ఐదు ముక్కలు, 11 నుంచి 15 పాయింట్లు. ఒకటి నో ట్రంప్ అంటే సమంగా పడ్డ (ఏ రంగూ మరీ ఎక్కువ, మరీ తక్కువ కాని) చేయి, 13–15. రెండు కళావర్ అంటే నిజంగానే పొడుగు కళావర్ ఉన్న 11–15. ఇందులో దేంట్లోనూ ఇమడని చేతులు ఒకటి డైమండ్‌లోకి పోతాయి. రెండు డైమండ్‌ను మాత్రం పక్కన పెట్టండి. డైమండ్ ఒక్కటే ఉండి, లేదా అసలే లేక, మిగతా మూడు రంగులూ ఉన్న చేతికి అది. అరుదుగా వస్తుంది, మూడో నెలలో నేర్చుకున్నా నష్టం లేదు.

చాలామంది బలమైన ఒకటి కళావర్‌ను చూసి ముచ్చటపడి, నెలంతా దాని మీదే కూర్చుంటారు. లెక్క చూడండి: 16 గానీ పైన గానీ పాయింట్లున్న చేతులు నూటికి సుమారు పదే. ప్రెసిషన్ అసలు లాభం మిగతా పాటలకు 15 దగ్గర మూత పడటంలో ఉంది. పార్ట్‌నర్ ఒకటి ఆఠీన్ అన్నారు, నా దగ్గర 8 పాయింట్లు, రెండే ఆఠీన్లు ఉన్నాయనుకోండి. మామూలు పద్ధతిలో ఆయనకు 20 కూడా ఉండొచ్చు కాబట్టి ఏదో ఒకటి పాడక తప్పదు. ప్రెసిషన్‌లో ఇద్దరికీ కలిపి 23 దాటదని నాకు తెలుసు. గేమ్‌కు (బోనస్ తెచ్చే పెద్ద పాటకు) 25 దాకా కావాలి. టెన్షన్ లేకుండా పాస్ అంటాను.

ఒకటి కళావర్‌కు జవాబులు

0–7 పాయింట్లకు జవాబు ఒకటి డైమండ్. 8 గానీ పైన గానీ ఉంటే, ఐదు ముక్కలున్న రంగు ఏదుంటే అది పాడాలి. దాంతో గేమ్ దాకా ఇద్దరిలో ఎవరూ ఆగకూడదన్న మాట ఖాయమైపోతుంది. సమంగా పడ్డ 8–10కి ఒకటి నో ట్రంప్.

ఒక చేయి చూద్దాం. నా దగ్గర ఇస్పేట్ ఆసు, రాణి, జాకీ, 8, 5. ఆఠీన్ రాజు, 6. డైమండ్ ఆసు, రాజు, 4. కళావర్ 9, 7, 3. మొత్తం 17. అన్న దగ్గర ఇస్పేట్ రాజు, 7, 4. ఆఠీన్ ఆసు, రాణి, 9, 5, 2. డైమండ్ 6, 3. కళావర్ 10, 8, 4. మొత్తం 9.

నేను ఒకటి కళావర్ అన్నాను. ఆయన ఒకటి ఆఠీన్. ఆ ఒక్క జవాబుతోనే ఐదు ఆఠీన్లు, కనీసం 8 పాయింట్లు ఉన్నట్టు తెలిసిపోయింది, గేమ్ కూడా ఖాయమైంది. ఇంకా ఒకటో మెట్టు (పాటలో ముందు వచ్చే అంకె) మీదే ఉన్నాం, తొందరే లేదు. నేను ఒకటి ఇస్పేట్, ఆయన రెండు ఇస్పేట్, నేను నాలుగు ఇస్పేట్. కళావర్లలో మూడు పోయినా ఇస్పేట్లో ఐదు, ఆఠీన్లో మూడు, డైమండ్‌లో రెండు కలిపి, నాలుగు ఇస్పేట్‌కు కావలసిన పది ట్రిక్కులు (నలుగురూ తలా ఒక ముక్క వేసే పట్లు) అక్కడే కనిపిస్తున్నాయి. ఇట్లాంటి పాట నడిచిన రోజు చేయి ఆడకముందే మనసు నిండుతుంది.

అవతలివాళ్లు మధ్యలో దూరితే

అందరూ దాటేసే పాఠం ఇదే, మాకు దెబ్బ తగిలిందీ ఇక్కడే. ఒకటి కళావర్ అంటే బలమైన చేయి అని అవతలివాళ్లకూ తెలుసు కాబట్టి అడ్డం పడటానికే చూస్తారు. ఒకసారి అన్న ఒకటి కళావర్ అన్నారు, పక్కాయన వెంటనే ఒకటి ఇస్పేట్ అన్నాడు. నా దగ్గర 6 పాయింట్లు. ‘ఏవో కొన్ని పాయింట్లున్నాయి’ అని చెప్పడానికి డబుల్ అన్నాను. నా దగ్గర ఇస్పేట్లు బలంగా ఉన్నాయని అన్న అనుకుని పాస్ అన్నారు. వాళ్లు సరిగ్గా ఏడు ట్రిక్కులు చేసుకుని 160 పాయింట్లు పట్టుకెళ్లారు. ‘ఆ డబుల్ ఏంది తమ్ముడూ?’ అని అన్న అడిగితే చూపించడానికి మా కాగితంలో ఆ గడే లేదు.

ఆ రాత్రే రాసుకున్నాం. ఒకటో మెట్టులో అడ్డం వస్తే: 0–4కి పాస్. 5–7కి డబుల్, అది శిక్ష కోసం కాదు. 8 గానీ పైన గానీ ఉండి ఐదు ముక్కల రంగుంటే ఆ రంగు. 8 గానీ పైన గానీ ఉన్న సమమైన చేతిలో, వాళ్ల రంగును ఆపే ముక్క ఉంటే నో ట్రంప్, లేకుంటే వాళ్ల రంగే మనం పాడటం. మీరు ఇంకోలా పెట్టుకున్నా తప్పులేదు, కానీ గడి ఖాళీగా ఉండొద్దు. రెండో మెట్టు, మూడో మెట్టు అడ్డంకులకూ ఇట్లాగే ఒక్కో వరుస రాయండి.

ఆడకుండా పాడటం సాధన చేయండి

మామూలుగా పంచితే బలమైన చేతులు తక్కువ వస్తాయి. అందుకని రెండు ఆసులు, ఒక రాజు ముందే ఒక చేతిలో పెట్టి, మిగతా 49 ముక్కలు కలిపి పంచండి. ముందు పెట్టినవి 11 పాయింట్లు, తర్వాత పడే పది ముక్కలతో సగటున ఇంకో ఆరు, కాబట్టి తరచుగా 16 దాటుతుంది. మా ఇంట్లో మా పాప ఇట్లా పంచి, నా చేతి ఫొటో నాకు, అన్న చేతి ఫొటో ఆయనకు వాట్సాప్‌లో పంపేది. కరీంనగర్ బస్సులో పక్కపక్కన కూర్చుని, ఎవరి ఫోన్ వాళ్లు చూసుకుంటూ నోటితో పాడుకునేవాళ్లం. హుజూరాబాద్ వచ్చేలోపు పది చేతులు అయ్యేవి. ప్రతి చేతి తర్వాత రెండు ఫొటోలూ చూసుకుని, ఎక్కడ తేడా వచ్చిందో కాగితంలో ఆ వరుస దిద్దుకోవాలి.

స్టేమన్ (నో ట్రంప్ పాడిన పార్ట్‌నర్‌ను నాలుగు ఆఠీన్లు గానీ ఇస్పేట్లు గానీ ఉన్నాయా అని అడిగే పాట), ట్రాన్స్‌ఫర్ (కింది రంగు పాడి, మన పొడుగు రంగును పార్ట్‌నర్ చేత పాడించడం), ఆసులు అడిగే నాలుగు నో ట్రంప్, ఈ మూడు మొదట్లోనే ఉండాలి. అంతకు మించి కొత్త కన్వెన్షన్ (ప్రత్యేక అర్థం పెట్టుకున్న పాట) ఏది కనిపించినా, పాతది ఇద్దరికీ తడుముకోకుండా వచ్చేదాకా ముట్టుకోవద్దు.

అవతలివాళ్ల దగ్గర ఏదీ దాచొద్దు

ఇక్కడ నేను పట్టుదలగా ఉంటాను. ఒప్పందం మనిద్దరిదే అయినా రహస్యం కాదు. ఒకటి కళావర్ అన్నప్పుడు పార్ట్‌నర్ అలర్ట్ కార్డు (ఈ పాటకు ప్రత్యేక అర్థం ఉందని తెలిపేది) చూపాలి, అవతలివాళ్లు అడిగితే ‘16 గానీ పైన గానీ, ఏ రంగైనా’ అని విప్పి చెప్పాలి. ఆన్‌లైన్‌లో మన పాటకు మనమే అలర్ట్ పెట్టి, అర్థం టైప్ చేయాలి. సిస్టమ్ కార్డు నింపి బల్ల మీద పెట్టండి. దగ్గడం, ముక్కలు సర్దడం, పాస్ అనడానికి ముందు కావాలని ఆలోచిస్తున్నట్టు ఆగడం, వీటితో పార్ట్‌నర్‌కు కబురు పంపితే అది మోసం. పార్ట్‌నర్ నిజంగానే ఆలోచించి ఆగినా, ఆ ఆగడం నుంచి మనం ఏమీ పట్టుకోకూడదు. అప్పుడు ఎదురుగా ఆయన మొహం చూడకుండా కిందున్న పాటల వరుసనే చూస్తూ, కాగితంలో రాసుకున్న జవాబే ఇవ్వండి.